మోటరు రూములో మోడెం

"మేడం, ఇంకొక మోడెం పెట్టుకోవచ్చునా?"

ఉద్యోగం చివరి ఏళ్ళలో నేను ఎక్కువగా విన్న ప్రశ్న ఇది. ఫోనులో అడిగారు, ఇంటికి పోతే అడిగారు, నంద్యాల మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుంటే అడిగారు. ఒక ఆదివారం చర్చిలో ఆరాధన ముగిసి బయట చెప్పులు వెతుక్కుంటుంటే ఒకాయన పక్కకు వచ్చి, ఏదో రహస్యం చెప్తున్నట్టు మెల్లగా అడిగాడు. రిటైరయ్యాక ఈ బెడద తప్పుతుందనుకున్నాను, తప్పలేదు. అందుకని ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఆ ప్రశ్నకు జవాబూ, ఆ జవాబు చెప్పబోయి నేను తెలుసుకున్నదీ రాస్తున్నాను.

నా ప్రమోషన్ల సంగతి రాయను. అవి రావలసినప్పుడు రాలేదు, వచ్చినప్పుడు మా ఇంట్లో కూడా ఎవరూ పట్టించుకోలేదు.

టెలిఫోన్ శాఖలో నేను నంద్యాల ట్రంకు బోర్డు ముందు కూర్చునే ఆపరేటరుగా చేరాను. చెవులకు హెడ్‌సెట్టు పెట్టుకుని ఈ ఊరివాళ్ళను ఆ ఊరివాళ్ళతో కలపడం పని. తర్వాత ఆ బోర్డులు తీసేశారు. మమ్మల్ని ఏం చేయాలో పైవాళ్ళకు తోచక కొంతకాలం ఊరికే కూర్చోబెట్టి, ఆపైన శిక్షణ ఇచ్చి ఫాల్టుల సెక్షనులో వేశారు. చీరకట్టుతో నిచ్చెన ఎక్కడం ఆ వయసులో నేర్చుకున్నాను. చివరి ఏళ్ళు ఆళ్ళగడ్డ ఎక్స్ఛేంజీలో చేశాను. పొద్దున నంద్యాలలో బస్సెక్కితే శిరివెళ్ళ దాకా కునుకు, ఆళ్ళగడ్డలో రాళ్ళు చెక్కే చప్పుడు వినపడితే సంచి సర్దుకునేదాన్ని.

ఒక బోరులో రెండు మోటర్లు

జవాబు ముందే చెప్పేస్తాను. ఒక తీగ మీద ఒకే మోడెం.

ఇంట్లోకి వచ్చే టెలిఫోను తీగ అవతలి కొన ఎక్స్ఛేంజీలో ఒక్క చోటే తగులుతుంది. అక్కడి యంత్రమూ ఇంట్లోని మోడెమూ ఒకదాన్నొకటి పిలుచుకుని, ఏ వేగంతో మాట్లాడుకోవాలో తేల్చుకుంటాయి. తేలితే మోడెం మీద దీపం నిలకడగా వెలుగుతుంది. అదే తీగ మీద రెండో మోడెం చేరి తానూ పిలవడం మొదలుపెడితే రెండు దీపాలూ మిణుకుమిణుకుమంటాయి, ఏదీ నిలవదు. ఇప్పుడు ఫైబరు వచ్చింది కదా అంటారు. ఫైబరులోనూ ఆ పెట్టె నంబరు ఆఫీసులో నమోదై ఉంటేనే పని చేస్తుంది. బజార్లో కొన్న రెండో పెట్టె తెచ్చి తగిలిస్తే దాన్ని పలకరించేవాళ్ళు ఉండరు.

మా వైపు రైతులకు ఇది చెప్పడం తేలిక. ఒకే బోరు గొట్టంలోకి రెండు మోటర్లు దింపుతావా అని అడిగితే నవ్వుతారు. మోటరు ఒకటే ఉంటుంది, పైపులు వేసుకుని ఎన్ని తొట్లైనా నింపుకోవచ్చు. ఇంటర్నెట్టూ అంతే. మోడెం ఒకటి ఉంచి, దాని నుంచి కేబులు లాగి, దూరపు గదిలో ఇంకో పెట్టె పెట్టుకోవచ్చు. పాత మోడెం ఉంటే అదే సరిపోతుంది. కాకపోతే టెలిఫోను తీగ గుచ్చే చోటు ఖాళీగా వదిలేయాలి, అది తనంతట తాను అడ్రసులు పంచడం ఆపేయాలి. అప్పుడది వైఫై ఇచ్చే డబ్బా మాత్రమే.

ఈ రెండోది మరిచిపోతే ఏమవుతుందో ఆత్మకూరు రోడ్డులో ఎరువుల దుకాణం నడిపే ఒకాయన ఇంట్లో చూశాను. ఇంట్లోని ప్రతి ఫోనుకూ మోడెం ఒక అడ్రసు ఇస్తుంది. ఆయన మేడ మీద పెట్టిన పాత మోడెం కూడా అడ్రసులు ఇవ్వడం మొదలుపెట్టింది. కింది పెట్టె నుంచి అడ్రసు అందుకున్న ఫోనుకు నెట్టు వచ్చేది, పై పెట్టె నుంచి అందుకున్న ఫోను గుడ్లప్పగించి చూసేది. ఆయనకు ఇది తెలియదు. భార్య ఫోనులో వస్తోంది, తన ఫోనులో రావడం లేదు కాబట్టి తన ఫోను చెడిపోయిందని కొత్తది కొన్నాడు. ఆ పూట కొత్త ఫోనుకు నెట్టు వచ్చింది, భార్య ఫోనుకు పోయింది. కొత్త ఫోను మొత్తం లాగేసుకుంటోందని ఆయన తీర్మానించి, ఎవరు ఏ పూట ఫోను వాడాలో ఇంట్లో వంతులు పెట్టాడు. నేను పోయి పై పెట్టెలో అడ్రసులు పంచే పని ఆపేశాను. "ఇంతేనా?" అన్నాడాయన. ఆ గొంతులో సంతోషం లేదు. వంతులు పెట్టినందుకు భార్య ఆయన వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

ఇద్దరు అధికారులు

నాకు ఈ పని నేర్పినాయన నంద్యాలలో ఖాదర్ సార్. ఫాల్టుకు పోయేటప్పుడు ఆయన చెప్పిన మాట ఒక్కటే.

"ముందు మంచినీళ్ళు అడుగు గ్రేసమ్మా. ఎవరు తెస్తాండారు, యాడనుంచి తెస్తాండారు చూడు. ఇంట్లో ఎవరెవరుండారు, ఎవురు ఎవురితో మాట్లాడ్తాండారు, అన్నీ తెలుస్తాయి. మీటరు తర్వాత బయటికి తీ."

కొత్తలో ఇది సోమరిపోతు సలహా అనుకున్నాను. ఎండలో తిరిగే మనిషికి నీళ్ళు ఎలాగూ కావాలి కదా అని పాటించాను. పాటించగా పాటించగా, తీగలో దొరకని ఫాల్టులు నీళ్ళు తాగేలోపు దొరకడం మొదలైంది.

ఆళ్ళగడ్డలో నా పైన ఉన్న అధికారి వేరే రకం. చెడ్డవాడు కాదు. సాయంత్రానికి ఒక్క కంప్లైంటూ మిగలకూడదన్నది తప్ప ఆయనకు వేరే భక్తి లేదు. మన బాధ్యత మోడెం వరకే, ఇంటి లోపలి వైర్లు మనవి కావు, కంప్లైంటు మూసేయండి అనేవాడు. రూలు ప్రకారం ఆయన మాట నిజమే. ఆ రూలు పట్టుకుని సర్వీసంతా గడిపినవాళ్ళున్నారు, వాళ్ళకు బీపీ కూడా రాలేదు. కానీ వాళ్ళు పోయిన ఇంట్లో మళ్ళీ వారానికి అదే కంప్లైంటు వచ్చేది.

ఒకే నంబరు మీద రెండు కంప్లైంట్లు

ఆళ్ళగడ్డకు అప్పటికి ఫైబరు ఇంకా రాలేదు. జనం ఇళ్ళలో కూర్చుని ఆఫీసు పనులు చేసే రోజులు వచ్చాయి. ఒకరోజు ఒకే టెలిఫోను నంబరు మీద రెండు కంప్లైంట్లు అందాయి. మా అన్న లైను తీసేస్తున్నాడని ఒకటి, మా తమ్ముడు లైను తీసేస్తున్నాడని ఇంకొకటి.

అహోబిలం రోడ్డులో ఇల్లు. అన్న ఓబులేసు, తమ్ముడు చెన్నకేశవులు, ఇద్దరూ సేద్యగాళ్ళు. తండ్రి పోయాక భాగాలు పంచుకుని హాలు మధ్యలో గోడ కట్టుకున్నారు. మాటలు కూడా ఆ గోడతోనే ఆగిపోయాయి. పొలం, గొడ్లు, పాత్రలు, కడకు ఇత్తడి బిందెలు కూడా పంచిన పెద్దమనుషులు టెలిఫోను సంగతి మరిచిపోయారు. అది తండ్రి పెట్టించిన లైను. మోడెం అన్న వైపు ఉండిపోయింది. అప్పట్లో అది ఆస్తి అని ఎవరికీ తోచలేదు.

తమ్ముడి కోడలు లావణ్య బెంగుళూరులో ఒక కంపెనీలో పని చేస్తుంది. చంటిపిల్లను చూసుకోవడానికి అత్త సాయం ఉంటుందని ఇక్కడికి వచ్చి, ఇంటి నుంచే పని చేస్తోంది. అప్పుడు చెన్నకేశవులుకు తండ్రి లైనులో తన భాగం గుర్తొచ్చింది. నంద్యాలకు పోయి ఒక మోడెం కొన్నాడు. కరెంటు పని చేసే మనిషిని పిలిచి, వరండాలో టెలిఫోను తీగ కోయించి, దానికి రెండు కొమ్మలు వేయించాడు. ఒకటి అన్న మోడెంకు, ఒకటి తన మోడెంకు. భాగం సరి సగం అన్నమాట.

నేను పోయేసరికి అన్న వరండాకు ఆ కొసన, తమ్ముడు ఈ కొసన నిలబడి ఉన్నారు. మంచినీళ్ళు అడిగాను. రెండు వాకిళ్ళ నుంచి రెండు చెంబులు వచ్చాయి. ఒకటి తాగి ఒకటి మానేస్తే ఏమవుతుందో ఊహించుకుని రెండూ తాగాను.

"ఏందప్పా సమస్య?" అన్నాను.

"సమస్య యాడిది మేడం," అన్నాడు చెన్నకేశవులు. "సాయంత్రమైతే ఆ యప్ప లైను తీసేస్తాండాడు. నా కోడలు మీటింగులో ఉంటాది. మధ్యలో పోతాది."

ఓబులేసు తమ్ముడి వైపు చూడకుండా నాతో అన్నాడు. "నేను తీసేదేంది మేడం. నా మనమడు క్లాసు పెట్టుకుంటే వాళ్ళే తీసేస్తాండారు. అడగండి."

"నేను యాడ తీస్తి? అడగండి మేడం ఆ యప్పను."

నాకు మళ్ళీ ట్రంకు బోర్డు ముందు కూర్చున్నట్టయింది.

అన్న మోడెం ఆపేయించాను. తమ్ముడి మోడెం దీపం నిలకడగా వెలిగింది. అన్న మోడెం వేయించాను. తమ్ముడి దీపం మిణుకుమని ఆరిపోయింది. రెండు మూడు సార్లు ఇద్దరికీ చూపించి, ఒకే బోరులో రెండు మోటర్ల పోలిక చెప్పాను. సాయంత్రం మనవడి క్లాసుకు అన్న తన మోడెం వేసినప్పుడల్లా అవతల లావణ్య మీటింగు తెగిపోతోంది. ఆమె మోడెం మళ్ళీ లైను పట్టుకోబోతే ఇవతల క్లాసు ఆగిపోతోంది. ఇద్దరూ ఒకరి లైను ఒకరు తీస్తున్న మాట నిజమే, ఇద్దరికీ ఆ సంగతి తెలియకపోవడమూ నిజమే. ఇన్నాళ్ళు తిట్టుకున్న తిట్లను ఏం చేసుకోవాలో తెలియక ఇద్దరూ నేల చూశారు.

లావణ్య పిల్లను ఎత్తుకుని బయటికి వచ్చింది.

"మా మేనేజరు చెప్పేసినాడు మేడం. ఇంగ ఇట్లే కాల్ తెగిపోతాంటే బెంగుళూరుకు వచ్చి ఆఫీసులో కూచోమంటాండారు. పాప ఇంకా పాలు మానల్యా. ఈడ ఇడిసిపెట్టి పోలేను, పని మానుకోలేను."

ఇంకో కొత్త లైను తీసుకోండి అని ఎవరైనా అంటారు. స్తంభం మీది డబ్బాలో ఒక్క తీగ కూడా ఖాళీ లేదు. కొత్త కేబులు ఎప్పుడొస్తుందో మా పైవాళ్ళకే తెలియదు. ఉన్న లైనుతోనే తేల్చాలి. మోడెం అన్న ఇంట్లో ఉంచి, కేబులుతో తమ్ముడికి ఇస్తానన్నాను.

"వాళ్ళ మోడెం కింద మాది ఉండాల్నా?" అన్నాడు చెన్నకేశవులు. "ఆ యప్పకు కోపమొచ్చి స్విచ్చి ఆపేస్తే నా కోడలు ఏం చేయాల?"

పోనీ తమ్ముడి ఇంట్లో పెట్టి అన్నకు ఇస్తానన్నాను.

"నాయన పెట్టిచ్చిన లైను. పెద్దోని ఇంట్లో ఉండాల," అన్నాడు ఓబులేసు. "ఇంకోటి చెప్తాండా మేడం. నా ఇంట్లోనుంచి ఒక్క వైరు కూడా ఆ పక్కకు పోదు. వాళ్ళ కోడలు పని వాళ్ళు చూసుకోవాల."

ఆ మాట లావణ్య వింటుండగానే అన్నాడు. నాకు ఆ మనిషి మీద చెడ్డ కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు మీటరు సంచిలో సర్దుతూ కూర్చోవడం నా అలవాటు. అలా సర్దుతుంటే నోట్లో నీళ్ళ రుచి తగిలింది. రెండు చెంబుల నీళ్ళూ ఒకేలా కొంచెం ఉప్పగా ఉన్నాయి.

"నీళ్ళు యాడివి?" అని అడిగాను.

"బోరువి," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"ఎవురి బోరు?"

ఇద్దరూ గేటు వైపు చూశారు. ఇద్దరిదీ. గేటు పక్కన రేకుల మోటరు రూము, దానికి ఉమ్మడి మీటరు, ఇద్దరి దగ్గరా చెరొక తాళం చెవి. భాగాల్లో పంచడానికి వీలుకాక వదిలేసినవి బోరూ గేటూ మాత్రమే.

సమానమైన వైర్లు

మర్నాడు ఎక్స్ఛేంజీ స్టోరులో, జనం తిరిగిచ్చిన పాత మోడెంలలో ఒక మంచిది ఏరుకున్నాను. కంప్లైంటు మూసేయమన్న అధికారికి రేపు మూస్తానని చెప్పి వచ్చాను. టెలిఫోను తీగను మోటరు రూములోకి తిప్పి, ఆ మోడెంకు ఇచ్చాను. అన్న మోడెం అన్న ఇంట్లోనే, తమ్ముడి మోడెం తమ్ముడి ఇంట్లోనే వైఫై డబ్బాలుగా ఉంటాయి. రెండింటికీ మోటరు రూము నుంచి చెరొక కేబులు. ఎవరూ ఎవరి కిందా లేరు. ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఒప్పుకున్నాక ఓబులేసు కేబుళ్ళ వైపు చూశాడు. మోటరు రూము తమ్ముడి వైపుకు దగ్గర.

"దగ్గరోళ్ళకు ఎక్కువ వస్తాది గదా మేడం? బోరు మాదిరే అని మీరే చెప్తిరి."

నేను చెప్పిన పోలిక నా మెడకే చుట్టుకుంది. ఇంత దూరాల్లో కేబులు పొడుగును బట్టి తేడా ఏమీ రాదు. అది వివరించడం మొదలుపెడితే మధ్యాహ్నం బస్సు పోతుందని నాకు తెలుసు. రెండు కేబుళ్ళూ ఒకే పొడుగు కోశాను. తమ్ముడి వైపు మిగిలిన కేబులును చుట్టచుట్టి మేకుకు తగిలించాను. ఓబులేసు మూరలేసి చూసుకుని సరేనన్నాడు. కొత్తవాళ్ళకు ఇది తెలివితక్కువగా అనిపిస్తుంది. ఆ చుట్టను ఈ రోజుకూ నేను వృథా అనుకోను.

చిక్కు ఇంకొకచోట మిగిలింది. రెండు ఇళ్ళకూ ఇన్వర్టర్లున్నాయి కానీ మోటరు రూముకు లేదు. కరెంటు పోతే ఇళ్ళలోని డబ్బాలు వెలుగుతాయి, అసలు మోడెం ఆరిపోతుంది. ఎవరో ఒకరు తమ ఇన్వర్టరు నుంచి మోటరు రూముకు ఒక వైరు ఇవ్వాలని చెప్పాను.

"నా ఇన్వర్టరు కరెంటు ఆ యప్పకెందుకు?" అన్నాడు చెన్నకేశవులు.

"నేను నిన్ననే చెప్తి," అన్నాడు ఓబులేసు. "నా ఇంట్లోనుంచి వైరు రాదు."

లావణ్యకు ఉన్నదున్నట్టు చెప్పాను. కరెంటు పోతే లైను పోతుందమ్మా అన్నాను.

"ముందర ఎండాకాలం మేడం," అని మాత్రం అంది.

కంప్లైంటు మూసేశాను. అధికారి సంతోషించాడు. బస్సులో నాకు మనసు బాగాలేదు. ఆ పిల్ల ఉద్యోగం ఎండల దాకా నిలబెట్టి వచ్చానంతే అనిపించింది.

ఉడుత కొరికిన తీగ

ఆ ఎండాకాలం ఆళ్ళగడ్డలో కరెంటు కోతలు బాగానే ఉన్నాయి. మా ఎక్స్ఛేంజీ జనరేటరుకు రోజూ పనే. ఆ నంబరు నుంచి మాత్రం ఒక్క కంప్లైంటూ రాలేదు. లావణ్య బెంగుళూరు వెళ్ళిపోయి ఉంటుందని అనుకున్నాను. పిల్లను తీసుకుపోయిందో, వదిలిపోయిందో అని ఒకటి రెండుసార్లు తలచుకుని బాధపడ్డాను. అడగడానికి మాత్రం పోలేదు. అది ఫాల్టు కాదు కదా.

నేను రిటైరవడానికి కొద్ది ముందు ఆ నంబరు మళ్ళీ చచ్చిపోయింది. వెళ్ళాను. కిటికీలోంచి లావణ్య గొంతు వినిపించింది, ఎవరికో ఫోనులో నెట్టు పోయిందని సర్దిచెప్తోంది. ఇక్కడే ఉంది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

మోటరు రూము వెనక టెలిఫోను తీగను ఉడుత కొరికేసింది. వెనక్కు ఎవరూ పోరు, ముళ్ళకంప వేసి ఉంటుంది. కంప పక్కకు లాగి తీగ అతికిస్తుంటే గోడలో చిన్న రంధ్రం కనబడింది. అందులోకి ఒక కరెంటు వైరు పోతోంది. అది ఎటునుంచి వస్తోందా అని చూశాను. నేలలో పాత పైపు ముక్కలోంచి దూరి, ఓబులేసు ఇంటి వెనక కిటికీ దాకా పోయింది. లోపల ప్లగ్గు బోర్డు పాతదే. దానికి కరెంటు మాత్రం వెనకనుంచి ఆయన ఇన్వర్టరు ఇస్తోంది. ముందువైపు నుంచి తాళం తీసి చూసేవాళ్ళకు ఏ తేడా తెలియదు.

తల ఎత్తితే ఓబులేసు నిలబడి ఉన్నాడు.

"ఇదేంది పెద్దాయనా?" అన్నాను.

ఆయన కంప సర్దుతూ అన్నాడు. "ఎండాకాలమాయె. ఆ పాప మాట్లాడ్తాంటే మధ్యలో ఆగిపోతాండె. నాకు ఈ పక్క ఇనపడ్తాది గదా, హలో హలో అని. ఎన్నిసార్లని ఇంటా."

"తమ్మునికి తెల్సునా?"

"వానికి చెప్పాకండి మేడం. చెప్తే పీకేస్తాడు. వాని సంగతి నాకు తెల్సు. పీకేస్తే ఆ పాపకు పని పోతాది."

పని ముగించి ముందుకు వచ్చాను. చెన్నకేశవులు చెంబుతో నీళ్ళు తెచ్చాడు. లావణ్య పిల్లను చంకనేసుకుని వాకిట్లో నిలబడింది.

"మీరిచ్చిన మోడెం చానా మంచిది మేడం," అన్నాడు చెన్నకేశవులు. "ఊర్లో యాడా కరెంటు లేకున్నా అది ఆరిపోదు. సేద్యం మీద ఒట్టు, ఒక్కసారి ఆరిపోల్యా. లోపల బ్యాటరీ ఉంటాదా?"

అది స్టోరు బీరువాలో దుమ్ము పట్టిన మోడెం. బ్యాటరీ మాట దేవుడెరుగు, దాని మూత కూడా నేనే దారంతో కట్టాను. కస్టమరుకు తెలిసి తెలిసి తప్పు చెప్పకూడదని శిక్షణకు వచ్చిన పిల్లలకు ప్రతిసారీ చెప్పినదాన్ని నేను. లావణ్య ఒకసారి మోటరు రూము వెనక ముళ్ళకంప వైపు చూసి, తర్వాత నా మొహంలోకి చూసింది. ఆమెకు తెలుసు.

"ఉంటాదప్పా," అన్నాను. "కొన్నిట్లో ఉంటాది."

చెన్నకేశవులు తల ఊపాడు. లావణ్య పిల్లను భుజం మీదికి మార్చుకుని, కాల్ ఉందని చెప్పి లోపలికి వెళ్ళింది.